రెండో సీసా

నెల్లూరు, 1961 ఫిబ్రవరి 23, గురువారం

ఈరోజు నా మొగుడి పేగు చూశాను.

రాసి చదువుకుంటే నాకే ఒళ్ళు జలదరిస్తోంది. కానీ జరిగింది అదే. డాక్టరు పద్మనాభయ్యగారు ఆపరేషను గది తలుపు తోసుకుని వచ్చి, "సంజీవరావు తాలూకు మనిషెవరు?" అని పిలిచారు. లేచాను. ఆయన వెనకాల నర్సు ట్రే పట్టుకుని నిలబడి ఉంది. పైన గుడ్డ తొలగించింది. జానెడు పేగు, నిలువునా చీల్చి పరిచి ఉంది. లోపల ఎర్రటి పుండు, అంచులు పైకి లేచి, రూపాయి బిళ్ళకంటే పెద్దది. పేగుకు ఒకవైపు అంటుకుని పచ్చటి కొవ్వు విసనకర్రలా పరుచుకుని ఉంది.

"నాకెందుకండీ చూపిస్తున్నారు?" అన్నాను.

"చూపించకపోతే ఊరికే కోసి కుట్టినారంటారమ్మా మనోళ్ళు. తీసింది తీసినట్టు ఇంటివాళ్ళకు చూపించాల్సిందే," అన్నారు.

నేను పడిపోలేదు, ఏడవలేదు. "ఇదేనా?" అని మాత్రం అన్నాను. ఏ ఉద్దేశంతో అన్నానో నాకే తెలియదు. ఆర్నెల్లుగా మూలశంక, మూలశంక అంటూ ఈయన నాచేత కందగడ్డ ఉడికించుకుని తిన్నారు. పంచెలు తనే ఉతుక్కుంటుంటే నా మీద జాలి పుట్టిందేమో అని మురిసిపోయాను. నెత్తురు మరకలని ఎవరికి తెలుసు? గూడ్సు బండి వెనక పెట్టెలో ఒంటరిగా కూర్చుని వెళ్ళే గార్డు ఉద్యోగం, దాచుకోవడానికి బాగా కుదిరింది.

"రాచపుండేనమ్మా. తీసేసినాను. ఇంక మనిషి బతుకుతాడా లేదా అనేది ఈ కొవ్వు చెప్పాల," అన్నారు డాక్టరుగారు. ఆ కొవ్వులో చిన్న చిన్న బిళ్ళలు ఉంటాయట, గజ్జల్లో కట్టే బిళ్ళల్లాంటివే. పుండు వాటిదాకా పాకకపోతే గండం గడిచినట్టే. పాకితే మళ్ళీ ఎక్కడో ఒకచోట లేస్తుంది.

"నెత్తురు తీసి చూస్తే తెలియదాండీ?"

"నెత్తుట్లో కనబడే గుర్తేదీ ఇంకా ఎవరూ కనిపెట్టలేదమ్మా. అట్టాంటిది ఉంటే ఈ తిప్పలెందుకు? ఈ బిళ్ళలే మాకు దిక్కు."

బిళ్ళలను కోసి చూసేవాళ్ళు నెల్లూరులో లేరు. మద్రాసు పంపాలి. ఒక సీసాలో పట్టలేదని కాంపౌండరు పేగు ఒక దాంట్లో, కొవ్వు కోసి ఇంకో దాంట్లో వేసి, ఘాటు వాసన వేసే మందునీళ్ళు పోసి, మూతల చుట్టూ మైనం కార్చాడు. మా మరిది హెబ్రోను వాటిని సంచీలో పెట్టుకున్నాడు. బిట్రగుంట ఇంజన్ల షెడ్డులో ఫైర్‌మన్ వాడు. ముందు ఇంటికి వెళ్ళి, సెలవు అడుక్కుని, రేపు మద్రాసు బండి ఎక్కుతానన్నాడు.

"ఆయనకు మాత్రం చెప్పబాకండి. పుండు తీసినారని చెప్పండి," అన్నారు డాక్టరుగారు. అలాగే అన్నాను.

ఫిబ్రవరి 24

మెలకువ వచ్చింది. మొదటి మాట, "ఏం తీసినారు?"

పుండు అన్నాను.

"ఎంతుండాది?"

"గోలీకాయంత."

నమ్మినట్టు కళ్ళు మూసుకున్నారు.

ఫిబ్రవరి 26

హెబ్రోను మద్రాసు నుంచి వచ్చాడు. "ఇచ్చేసినా వదినా" అన్నాడు. నా మొహం చూడకుండానే బయటికి పోయి వరండాలో కూర్చున్నాడు. ప్రయాణం బడలిక. వాడికి ఇడ్లీలు తెప్పించి పెట్టాను.

మార్చి 11, శనివారం

పాకలేదు!

పాకలేదు, పాకలేదు. పద్మనాభయ్యగారు కాగితం పట్టుకుని స్వయంగా వరండాలోకి వచ్చారు. పుండు పేగు గోడ దాటలేదట. గోడను ఆనుకుని కనిపించిన బిళ్ళల్లో రోగం లేదట. "ఇట్టాంటి రిపోర్టు వచ్చిన పదిమందిలో ఏడెనిమిదిమంది అయిదేళ్ళు హాయిగా దాటతారమ్మా. కూతుళ్ళూ కొడుకులూ ఎందరు?" అన్నారు. లేరండీ అన్నాను. "అయితే ఇద్దరూ ఒకరినొకరు చూసుకోండి" అన్నారు. ఆ మాటకు మామూలుగా అయితే నాకు కోపం రావాలి. ఈరోజు నవ్వొచ్చింది. నవ్వుతూనే వార్డులోకి వెళ్ళాను. ఈయన నన్ను చూసి, "ఏంది, లాటరీ తగిలిందా?" అన్నారు.

"అంతా బాగుందన్నారు," అన్నాను. ఇన్నాళ్ళకు ఒక నిజం చెప్పాను.

మార్చి 12

బాగుంది. బాగుందట.

బిట్రగుంట, ఏప్రిల్ 2, ఈస్టరు

ఇల్లు చేరి వారమైంది. ఈయన ఇంకా కర్ర పట్టుకుని నడుస్తున్నారు కాబట్టి నేను సమాధుల తోటకు వెళ్ళలేదు. అత్తమ్మ తెల్లవారుజామునే పోయి మామగారి సమాధికి సున్నం కొట్టి, కొవ్వొత్తి వెలిగించి, కాళ్ళనిండా ఇసుకతో వచ్చింది. వచ్చి కొడుకు కడుపు మీద చేయి పెట్టి చాలాసేపు ప్రార్థన చేసింది. మా అత్తమ్మ రెబెక్కమ్మగారి ప్రార్థనలో దేవుడికి కూడా పనులు పురమాయింపే ఉంటుంది. ఈయన మధ్యలో "ఆమెన్" అని ముగించబోతే నెత్తిన ఒక్కటి మొట్టింది.

జులై 10

డ్యూటీకి వెళ్ళారు. యూనిఫారం వదులైందని అద్దం ముందు గునిసి, నాచేత గుండీలు జరిపి కుట్టించుకుని, చేతిలో పచ్చజెండాతో పెళ్ళికొడుకులా బయలుదేరారు. నేను పాఠాలు చెప్పే బడికి ఆలస్యమైంది. హెడ్మాస్టరు ఏదో అన్నాడు. ఎవరికి పట్టింది?

అక్టోబరు 29

మళ్ళీ పోట్లాట. చేపల కామమ్మ జువ్వలదిన్నె నుంచి చందువాలు తెస్తే, పులుసులో మామిడికాయ లేదని అలిగారు. అక్టోబరులో మామిడికాయ ఎక్కడినుంచి తెమ్మంటారు? చెట్టెక్కి నేనే కాయనా? అలిగినవాడు నాలుగు ముక్కలు తిన్నాడు. గుండీలు మళ్ళీ యథాస్థానానికి కుట్టాలి.

1962 ఫిబ్రవరి 5

ఎనిమిది గ్రహాలు ఒక ఇంట్లో చేరాయి కాబట్టి నిన్నా మొన్నా లోకం మునిగిపోవాలట. కాలనీలో సగం మంది బంధువుల దగ్గరికి పోయారు. పక్క క్వార్టరు పిచ్చమ్మగారు బియ్యం డబ్బా తెచ్చి మా అటక మీద పెట్టింది, సముద్రం పొంగితే క్రైస్తవుల ఇంటికి రాదన్న నమ్మకంతో. మునిగిపోయే లోకానికి గూడ్సు బండి నడిపి వచ్చి ఈయన, "ఏం లీలా, నన్ను కోసిన డాక్టరు జోస్యమే గట్టిది" అన్నారు. ఎంత నవ్వామో.

ఏప్రిల్ 22, ఈస్టరు

చెయ్యి ఆడటం లేదు. అయినా రాయాలి.

పొద్దున అందరం సమాధుల తోటకు వెళ్ళాం. ఈయన లేరు, గూడూరు వైపు బండి మీద ఉన్నారు. సరుగుడు చెట్ల అవతల ఇంకా ఎర్రగానే ఉంది. పాస్టరయ్య పునరుత్థాన వాక్యం చదివారు. ఎవరి సమాధుల దగ్గర వాళ్ళు కొవ్వొత్తులు వెలిగించుకుంటున్నారు. మామగారి సమాధి పక్కన ఒక చిన్న సమాధి ఉంది. నాలుగు ఇటుకలు చుట్టూ పేర్చి, సున్నం కొట్టి, చంటిబిడ్డదంత. అత్తమ్మ దాని మీద గన్నేరుపూలు పెట్టి, మోకాళ్ళ మీద వంగి కొవ్వొత్తి వెలిగిస్తోంది.

"ఇదెవరిది అత్తా? ఎవరి బిడ్డ?" అన్నాను.

"మా అబ్బయ్యది," అంది.

"ఏ అబ్బయ్యది?"

"సంజీవిది."

నాకు ఏమీ వినిపించకుండా పోయింది. చుట్టూ అందరూ పాట పాడుతున్నారు. వాళ్ళ నోళ్ళు కదులుతున్నాయి. బతికి ఉన్న మనిషికి, నిన్న రాత్రి నాచేత వీపు రుద్దించుకున్న మనిషికి, సమాధి! ముసలామెకు మతి పోయిందనుకున్నాను. భుజం పట్టుకుని ఊపాను. "ఏమంటున్నావు అత్తా? ఏమంటున్నావు?"

"అరవబాకు మే, ప్రార్థన జరగతా ఉంది. ఆపరేషన్లో వాడి ఒంట్లోంచి తీసిన కండ ఇది. మద్రాసోళ్ళకు రోగం ముక్క పంపించినాం గదా. ఇది మంచి ముక్క. వాళ్ళ నాయన పక్కన పెట్టినా."

హెబ్రోను వైపు చూశాను. వాడు దూరంగా చెట్టు దగ్గర నిలబడి, నేను చూడగానే తల దించుకున్నాడు.

ఏప్రిల్ 23

హెబ్రోనుతో మాట్లాడలేదు. వాడూ రాలేదు.

ఏప్రిల్ 25

రెండో సీసాలో ఉన్నది కొవ్వే కదా. పుండు ఉన్నది మొదటి దాంట్లో. మద్రాసులో చూసినవాళ్ళు చదువుకున్నవాళ్ళు. ఏదైనా తక్కువైతే అడిగేవారు. అడగలేదంటే సరిపోయినట్టే.

ఏప్రిల్ 27

రెండో సీసాలో ఉన్నది కొవ్వే కదా.

ఈయన ఈరోజు సగం అన్నం వదిలేశారు. ఎండలు అలా ఉన్నాయి.

మే 3

బడికి సెలవులు. చీరలకని చెప్పి నెల్లూరు వెళ్ళాను.

పద్మనాభయ్యగారు నన్ను చూసి సంతోషించారు. "మన గార్డుగారు ఎట్టా ఉండారు?" అన్నారు. బాగున్నారన్నాను. ఆ తరవాత సీసాల సంగతి చెప్పాను. అత్తమ్మ కథ మొదలుపెట్టినప్పుడు ఆయన నవ్వబోయారు. మధ్యలో ఆ నవ్వు అలాగే ఆగిపోయింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అంటే మద్రాసుకు పోయింది ఒకటేనా?"

"అవునండీ."

"కొవ్వు పోలేదా?"

"లేదండీ."

మా కాగితం వెతికించి తెప్పించారు. చదివారు. మళ్ళీ చదివారు. కాగితంలో అబద్ధం ఏమీ లేదట. గోడను ఆనుకుని ఒకటో రెండో బిళ్ళలు ఉంటాయి, వాళ్ళకు దొరికినవి అవే, అవి శుభ్రంగా ఉన్నాయి, అదే రాశారు. వాళ్ళు చూడని సీసా సంగతి వాళ్ళెలా రాస్తారు? ముక్క మొత్తం మద్రాసు పోయిందనుకుని డాక్టరుగారు దాన్ని చదివారు.

"పదిమందిలో ఏడెనిమిదిమంది అన్నారు మీరు," అన్నాను. నా గొంతు నాకే దెబ్బలాటలా వినిపించింది. "అన్నారు కదండీ!"

"అన్నానమ్మా. అది ఆ కాగితానికి అన్నాను."

 పదమూడు నెలలుగా నేను నిలబడింది మామగారి సమాధి పక్కన ఇసుకలో పాతిపెట్టిన దాని మీద. నాకు తెలియకుండా.

వచ్చేస్తుంటే ఆయన వెనక నుంచి పిలిచారు. "సీసాతో సహా పాతిపెట్టినారా? మందునీళ్ళు అట్టనే ఉన్నాయా?" తెలియదన్నాను. "అట్టనే ఉంటే లోపల ముక్క చెడదు. పదేళ్ళైనా చెడదు. తవ్వి తెస్తే మద్రాసులో చూడగలరు. తెలుసుకోవాలా వద్దా అనేది మీ ఇష్టం."

నా ఇష్టమట!

మే 4

తెలుసుకోకపోతే ఏం పోతుంది?

మే 5

ఈయన వచ్చారు. తిని పడుకున్నారు. ముక్కు దగ్గర చెమట. పక్కన కూర్చుని విసురుతూ ఉన్నాను. దవడలు కొంచెం లోపలికి పోయాయా, నాకలా కనిపిస్తోందా? ఎండలు. అందరూ చిక్కిపోయే కాలమే ఇది.

తవ్వాలి. తెలుసుకోకుండా ఈ మొహాన్ని రోజూ ఎలా చూడను?

మే 7

అత్తమ్మను అడిగాను. బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"తియ్యడానికి వల్లకాదు. అది నేను కన్న కండ. ఆసుపత్రోళ్ళు కోసి, కోసి, చెత్తకుప్పలో పారేస్తారు. దేవుడు లేపే దినాన నా బిడ్డ ఒంట్లో ముక్క మద్రాసు కుప్పలో ఉంటే ఎట్టా లేస్తాడు చెప్పు?"

"మరి మొదటి సీసా మద్రాసులోనే పోయింది కదా అత్తా?"

"అది రోగం. రోగం లేవాల్సిన పనేముంది? మంచిదాన్నే దాచినా."

"అందులో రోగం ఉందో లేదో ఎవరికి తెలుసు అత్తా? అదే కదా చూడాల్సింది!"

అప్పుడు చేట ఆపింది. "నేను చూడలేదా? గాజులోంచి బాగా చూసినా. పచ్చంగా, శుభ్రంగా, వెన్నపూస మాదిరి ఉండాది. రోగముంటే నాకు తెలవదా, కన్నతల్లికి?"

ఏం చెప్పాలి ఈ మనిషికి? నాకు ఆమెను కొట్టాలనిపించింది. నిజంగా చెయ్యి లేచేదే. లేచి దొడ్లోకి పోయి నీళ్ళు తోడి తోడి కుండలన్నీ నింపాను, నిండినవి కూడా.

మే 9

అత్తమ్మ స్త్రీల ప్రార్థన కూటానికి పోయిన వేళ హెబ్రోనును వెంటబెట్టుకుని వెళ్ళాను. వాడు పార పట్టుకుని దోవంతా ఏడుస్తూనే నడిచాడు. "అమ్మ బైబిలు తెచ్చి నా చేతిలో పెట్టి, రెండో సీసా ఇమ్మని, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది వదినా. రోగమంతా పెద్ద సీసాలోనే ఉందని నేను కూడా అనుకున్నా. కొవ్వు గదా, దాంతో వాళ్ళకేం పని అనుకున్నా."

తిట్టాలని కూడగట్టుకున్న మాటలన్నీ ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. నేనూ అదే అనుకున్నాను కదా, మొన్నటిదాకా.

మూరెడు లోతులోనే ఉంది. పాత తెల్ల తువ్వాలు చుట్టి పెట్టింది. విప్పితే సీసా, మూత చుట్టూ మైనం చెక్కుచెదరలేదు. మందునీళ్ళు కొంచెం గోధుమరంగు తిరిగాయి. లోపల అది ఉంది. గాజులో ఉంటే పురుగు పట్టదని అత్తమ్మ సీసాతోనే పెట్టిందట. ఆమె అంత జాగ్రత్త పడకపోయి ఉంటే ఈపాటికి మట్టయ్యేది, నాకు ఈ బాధ తప్పేది.

మే 11

మద్రాసు. నేనే తీసుకొచ్చి ఇచ్చాను. బండిలో ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. ఎదుటి సీటు ఆవిడ, "ఊరగాయా అమ్మా?" అని అడిగింది. అవునన్నాను.

అక్కడి డాక్టరుతో, "పరీక్ష అయ్యాక మిగిలింది నాకు తిరిగి ఇవ్వండి" అన్నాను. ఆయన వింతగా చూశాడు. ఇలా ఎవరూ అడగరట.

మే 14

అత్తమ్మకు తెలిసింది. గుంత చూసి వచ్చింది. ఒక్క మాట అనలేదు. అన్నం ముట్టలేదు.

మే 17

ముట్టలేదు. గంజీ మజ్జిగా మాత్రం తాగుతోంది. నన్ను చూసి మొహం తిప్పుకుంటోంది. ఈయన, "అమ్మకేమైంది? మీకేమైంది?" అని ఇద్దరినీ అడిగారు. ఎండలన్నాను.

మే 24, నెల్లూరు

పదకొండు బిళ్ళలు. ఏడింటిలో ఉంది.

మే 24, మళ్ళీ

బండి కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చుని రాస్తున్నాను. ఇంటికి పోయాక రాయలేను.

పద్మనాభయ్యగారు కాగితం నా చేతికి ఇవ్వలేదు, చదివి చెప్పారు. ఇలా వచ్చిన పదిమందిలో ఇద్దరో ముగ్గురో అయిదేళ్ళు చూస్తారు, ఏడు బిళ్ళలంటే అదీ కష్టమే, చాలామందికి రెండేళ్ళలోపే తిరగబెడుతుంది అన్నారు. అన్నం సరిగా తింటున్నారా అని అడిగారు. ఎండలండీ అన్నాను. ఆయన కాగితం మడత పెట్టారు. తలుపు వైపు చూశారు.

"ఆ రోజే ఈ సీసా కూడా మద్రాసు పోయి ఉంటే?" అని అడిగాను. అత్తమ్మ పేరు చెప్పి ఆయన నోట ఒక్క తిట్టు వినాలనిపించింది నాకు. నా తరఫున ఎవరైనా ఆమెను తప్పు పట్టాలి. "ఆ రోజే తెలిసి ఉంటే ఏం చేసేవారండీ?"



"చేసేదేం లేదమ్మా. కోయాల్సింది కోసేసినాం. పైన ఇవ్వడానికి పని చేసే మందేదీ నా దగ్గర లేదు. తెలిసుండేది. అంతే."

అంతే. అంతేనట! అయితే నేను దేనికోసం తవ్వాను? తెలిసి ఉంటే జులైలో గుండీలు కుట్టే చేతులు వణికేవి. చందువాల పులుసు దగ్గర అలిగితే పోట్లాడేదాన్ని కాదు, ఏడ్చేదాన్ని. ఎనిమిది గ్రహాలనాడు నవ్వేవాళ్ళం కాదు. పదమూడు నెలలు మేము మామూలు మొగుడూ పెళ్ళాల్లా బతికాం. ఆ పదమూడు నెలలు ఆ ముసలామె తెలియక చేసిన పని వల్ల వచ్చినవి. ఆమె మీద నాకు కోపం పోలేదు, పోదు కూడా. అయినా ఆ నెలలు ఆమె ఇచ్చినవే. ఈ రెండూ ఒకే కడుపులో ఎలా పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

నా సంచీలో సీసా ఉంది. కోసి చూసినవి పోగా మిగిలింది, కాగితంతోపాటు మద్రాసు నుంచి తిరిగి వచ్చింది.

మే 26

ఎండలు.

మే 30

ఎండలు కాదు.

జూన్ 6

ఈయనకు చెప్పేశాను.

చెప్పాలని అనుకోలేదు. పొద్దున డ్యూటీకి బయలుదేరబోతూ, బెల్టుకు మేకుతో కొత్త బెజ్జం కొట్టుకుంటున్నారు. లోపలి వైపు. అది చూస్తూ నిలబడ్డాను. "అమ్మ పస్తులెందుకు ఉందో చెప్తే తప్ప ఈరోజు బండెక్కను," అన్నారు తల ఎత్తకుండానే. అంతే, నోరు దానంతట అది తెరుచుకుంది. ట్రే, రెండు సీసాలు, అమ్మ, బైబిలు, సమాధి, మద్రాసు, ఏడు బిళ్ళలు, అన్నీ. చెప్పకూడదన్న డాక్టరు మాట, అలాగే అన్న నా మాట, ఏవీ గుర్తు లేవు. ఆయన ఒంట్లోంచి తీసింది ఊరందరమూ మోసుకు తిరిగాం, ఆయనకు తప్ప అందరికీ తెలుసు. అది తప్పనిపించింది.

మేకు కింద పెట్టారు.

"రాచపుండని నాకు తెలుసు లీలా. గోలీకాయంత దానికి జానెడు కడుపు కోస్తారా?"

"మరి ఎన్నడూ అనలేదే?"

"ఆ రోజు నువ్వు వార్డులోకి నవ్వతా వచ్చినావే, అంతా బాగుందని. ఆ నవ్వు చూసి నమ్మినా. డాక్టరు చెప్పుంటే నమ్మేవాణ్ణి కాదు."

 అబద్ధాలన్నిటికీ ఆయన నమ్మినట్టు నటించారు. నేను నిజమనుకుని చెప్పిన ఒక్క మాటనే నమ్మారు. అదీ నిజం కాకుండా పోయింది.

బెల్టు చేతిలోకి తీసుకుని, "అమ్మకు తెలుసునా, దాంట్లో ఏముండిందో?" అన్నారు.

తెలియదన్నాను.

"చెప్పబాకు. మంచి ముక్కనే అనుకోనీ."

బెల్టు పెట్టుకున్నారు. జెండాలు తీసుకున్నారు. బండెక్కారు. నేను ఏం చేస్తాననుకున్నానో కానీ, అన్నం వండాను.

జూన్ 10, ఆదివారం

ఆరాధన అయ్యాక సీసాను మళ్ళీ పెట్టడానికి వెళ్ళాం. ఈయన తనే అమ్మ దగ్గర కూర్చుని చెప్పారు. "చూసినారమ్మా. దాంట్లో ఏం లేదంట. బాగుందంట. తిరిగి ఇచ్చేసినారు, నువ్వే పెట్టు," అన్నారు. అత్తమ్మ ఆయన మొహం చూసింది, నా మొహం చూసింది. "నేను చెప్పలేదా?" అంది నాతో. ఇన్నాళ్ళకు మాట్లాడింది. బయలుదేరే ముందే రెండు ముద్దలు తింది. కొత్త తువ్వాలు తీసి సీసాకు చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నడిచింది.

హెబ్రోను పార తీసుకోబోతే ఈయన ఇవ్వలేదు. "నాది నేను తవ్వుకుంటా" అన్నారు నవ్వుతూ. అత్తమ్మ కూడా నవ్వింది. మామగారి సమాధి పక్కన, వదులుగా ఉన్న పాత గుంతలో తవ్వడం మొదలుపెట్టారు. ఇసుక నేల, సులువుగా వస్తోంది. అత్తమ్మ పక్కనే కూర్చుని, లేచే దినాన ఎవరికీ ఏమీ తక్కువ కాకుండా దేవుడు ఎలా లెక్క చూసుకుంటాడో చెబుతోంది. ఈయన "ఔనమ్మా, ఔను" అంటూ తవ్వుతున్నారు. మూరెడు అయింది. రెండు మూరలు అయింది. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఎముకలు కనిపిస్తున్నాయి.

"చాల్లే అబ్బయ్యా. సీసాకు ఇంత గుంతెందుకు?" అంది అత్తమ్మ.

ఆయనకు వినిపించలేదు. పక్కకు జరిగి పొడుగ్గా తవ్వుతున్నారు. తల దగ్గర నుంచి కాళ్ళ దాకా.

"చాల్లేరా సంజీవీ," అంది అత్తమ్మ మళ్ళీ. ఈసారి గొంతు మారింది. చెబుతున్న మాట మధ్యలో ఆపేసి, ఒడిలో సీసాను గట్టిగా పట్టుకుని, ఆ గుంత పొడుగు చూస్తూ ఉండిపోయింది. ఇంక ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

నేను గుంతలోకి దిగి పార పట్టుకున్నాను. ఆయన వదల్లేదు. ఇద్దరం అలాగే పట్టుకుని నిలబడ్డాం. చాలాసేపటికి వదిలారు.